మూడో వారానికి నీరుగారిపోకుండా ఒక చిన్న పందెం

చదువైనా, నడకైనా, సంగీత సాధనైనా మొదటి వారం ఉన్న ఊపు మూడో వారానికి నీరుగారిపోతుంది. ఒంటరిగా నెట్టుకురాలేకపోతుంటే ముగ్గురు నలుగురు కలిసి పందెం వేసుకోండి. అంతకంటే ఎక్కువమంది వద్దు, ఎవరు మానేశారో కూడా తెలియదు.

పాయింట్లు ఫలితానికి కాదు, చేసిన సమయానికి ఇవ్వాలి. రోజుకు 25 నిమిషాలు పూర్తయితే 1 పాయింటు. రెండు గంటలు చేసినా 1 పాయింటే. లేదంటే ఆరు రోజులు ఊరుకుని ఏడో రోజు ఒక్కసారే కుమ్మేసేవాళ్లు గెలిచేస్తారు. వారానికి గరిష్ఠం 6, ఒకరోజు సెలవు. పని అవగానే వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టాలి: "25 నిమిషాలు, 48వ పేజీ దాకా". రాత్రి 10 దాటితే లెక్కలోకి రాదు.

ఆదివారం రాత్రి స్కోరు చూసుకుని, అందరూ మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఇది మాత్రం వదలొద్దు. పాత స్కోరు మోసుకెళ్తే వెనకబడినవాళ్లు ఇక అందుకోలేమని చేతులెత్తేస్తారు. డబ్బు పందెం కూడా వద్దు, దొంగ లెక్కలు మొదలవుతాయి. గెలిచినవాళ్ల పేరు వారమంతా గ్రూపు పేరుగా పెడితే చాలు, భలే పంతం వస్తుంది.

ఒక జాగ్రత్త: వరసగా మూడు వారాలు ఒకరే ఆఖరున ఉంటే ఈ పద్ధతి పనిచేయదు, వాళ్లు చెప్పకుండానే జారుకుంటారు. అప్పుడు పోటీ ఆపి ఉమ్మడి లక్ష్యం పెట్టండి: నలుగురూ కలిసి వారానికి 20 పాయింట్లు.