లైవ్‌లో శ్రోత ఫోన్ తీసుకోవడం ఎలా?

శ్రోతకు దగ్గరవ్వాలంటే వాట్సాప్ మెసేజ్‌లు చదవండి, ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టండి, కాదనను. కానీ శ్రోత గొంతు లైవ్‌లో వినిపించే ఆ రెండు నిమిషాల్లోనే మీరేమిటో ఊరంతటికీ తెలిసిపోతుంది. చాలామంది ఆర్జేలు తేలిపోయేది అక్కడే.

సామాను సంగతి త్వరగా ముగిద్దాం. మైకు, హెడ్‌ఫోన్, కన్సోల్‌కు (గొంతులు, పాటలు కలిపి ప్రసారానికి పంపే బల్లకు) కలిపిన ఫోన్ లైన్ చాలు. ఖరీదైన స్టూడియో కావాలనుకునేవాళ్లు సంగారెడ్డి జిల్లా మాచునూరు సంఘం రేడియో గురించి తెలుసుకోవాలి. 2008లో మొదలైన ఆ కమ్యూనిటీ స్టేషన్‌ను పల్లె మహిళలే నడిపించారు.

మొదట బహువచనం మానండి. ‘శ్రోతలందరికీ నమస్కారం’ అనగానే వినేవాడు గుంపులో కలిసిపోతాడు. ఒక్కరితోనే మాట్లాడాలి. ఈ మాటంటే ‘అమీన్ సయానీ అందరినీ కలిపి అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు అనేవాడు కదా’ అని నాతో వాదిస్తారు. ఆయన రేడియోలో గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలుపెట్టింది 1952లో. అప్పుడు ఒక సెట్టు చుట్టూ పదిమంది కూర్చునేవారు. ఇప్పుడు ఆటో నడుపుతూ ఒకడు, వంటింట్లో ఒకావిడ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక కుర్రాడు, ఎవరికి వారే వింటున్నారు.

వరసలు కూడా మీరు కలపొద్దు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారంటే ఏళ్ల తరబడి పిల్లల కార్యక్రమాలు చేసి అయ్యారు. మొదటిసారి ఫోన్ చేసిన పెద్దాయనను ‘ఏంటి బాబాయ్’ అనడం చనువు కాదు, వెకిలితనం. ‘మీరు’ అనండి. ఆయనే ‘అమ్మాయ్’ అంటే అప్పుడు చూద్దాం.

ఇక అసలు పని, ఫోన్. పాట నడుస్తుండగానే తీయండి. పేరు, ఊరు, ఏ విషయం అన్నది అడగండి, అంతే. కథంతా అప్పుడే చెప్పించుకున్నారంటే లైవ్‌లో రెండోసారి చెప్పేటప్పటికి అది చప్పబడిపోతుంది. తర్వాత వాళ్ల రేడియో కట్టేయమనండి. ‘కాస్త తగ్గించండి’ అంటే కాస్తే తగ్గిస్తారు. ఆ సౌండ్ ఫోన్‌లోంచి తిరిగొచ్చి కీచుమంటుంది. యాప్‌లో వింటున్నవాళ్లయితే ఇంకా కష్టం. తమ మాటే కొన్ని సెకన్లు ఆలస్యంగా వినిపించి, వాక్యం మధ్యలో ఆగిపోతారు.

లైవ్‌లోకి తీసుకున్నాక ‘ఎలా ఉన్నారు, తిన్నారా, ఏం చేస్తుంటారు’ అనే మూడు ప్రశ్నలూ నిషేధం. నూజివీడు దగ్గర మామిడి తోట ఉందని ముందే చెప్పారు కదా, ‘ఈసారి కాయ నిలిచిందా?’ అనండి. అని నోరు మూసుకోండి. ఇదే ఎవరికీ చేతకాదు. అవతలి మనిషి ‘ఆఁ... నిలిచింది గానీ...’ అని ఆగుతాడు. ఆ ‘గానీ’ తర్వాతే అసలు విషయం ఉంటుంది. మన ఆర్జేకేమో రెండు సెకన్ల నిశ్శబ్దానికే టెన్షన్. ‘సూపర్ సర్, ఏ పాట కావాలి?’ అని దూరిపోతాడు. గోడ గడియారంలో ముల్లు చూస్తూ మూడు సెకన్లు ఆగండి, ఏమీ కొంపలు మునగవు.

‘ఓకే ఓకే’, ‘ఊఁ’ అంటూ ఉండటం కూడా వద్దు. చాలా సెటప్‌లలో మీ గొంతు పలికినప్పుడల్లా లైన్‌లో అవతలి మాట తెగిపోతుంది. మీరు ప్రోత్సహిస్తున్నామనుకుంటారు, వినేవాళ్లకు సగం మాటలే అందుతాయి. తల ఊపండి చాలు.

శ్రీకాకుళం నుంచి ఫోన్ వస్తే శ్రీకాకుళం యాసలో బదులిచ్చి నవ్వించాలని చూసేవాళ్లున్నారు. దయచేసి మీ యాసలో మీరు మాట్లాడండి.

చెయ్యి ఫేడర్ మీదే, అంటే కన్సోల్‌పై ఆ లైన్ సౌండ్ పెంచే, తగ్గించే మీట మీదే ఉండాలి. బూతు రావచ్చు, ఎవరిదైనా ఫోన్ నంబరు రావచ్చు. కొన్ని సెకన్లు ఆలస్యంగా ప్రసారం చేసే ఏర్పాటు చిన్న స్టేషన్లలో సాధారణంగా ఉండదు. అలాంటప్పుడు లైన్ దించి, ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పి పాట వేయండి, ఉపన్యాసం వద్దు. ముఖ్యంగా ఆడపిల్లలు ఫోన్ చేసినప్పుడు ఏ షాపులో పని, ఎన్నింటికి ఇంటికి వెళ్తారు లాంటివి అడగనే అడగొద్దు. మీరు సరదాగా అడుగుతారు, వింటున్నవాళ్లలో ఎవడుంటాడో మీకు తెలియదు.

శ్రోత ఏడిస్తే? వెంటనే విషాద గీతం వేసేవాళ్లను నేను క్షమించలేను. ‘లైన్‌లోనే ఉండండి, పాట పెట్టి మీతో మాట్లాడతాను’ అనండి, నిజంగానే మాట్లాడండి. లైవ్‌లో సలహాలివ్వడానికి మీరు డాక్టరు కాదు, కుటుంబ పెద్ద కాదు.

ముగించేటప్పుడు ‘థాంక్యూ సో మచ్’ అని టక్కున కట్ చేయకుండా వాళ్లన్న మాటే ఒకటి పట్టుకోండి. ‘మంచుకు పూత రాలిందన్నారు, ఉన్న కాయకైనా మంచి ధర రావాలి’ అని లైన్ వదలండి. పాట మొదలవగానే పేరు, ఊరు, ఆ మాట, తేదీ రాసుకోండి. మళ్లీ ఫోన్ చేస్తే ‘కాయ కోశారా?’ అని అడగడానికి అదే ఆధారం. రాసేది నోటుపుస్తకంలోనే. కంప్యూటర్‌లో అయితే తర్వాత ఎప్పుడో మైకు తెరిచి ఉన్నప్పుడు కూడా టైపు చేస్తారు, ఆ టకటక శ్రోతకు వినపడుతుంది.