చేత్తో చేసిన క్రిస్మస్ అలంకరణలు మార్చుకుందామనుకుంటున్నారా? ఇలా చేయండి

మీకు లేసు అల్లడం వచ్చు, మీకు తెలిసిన ఒకావిడకి కొబ్బరి చిప్పతోనో తాటాకుతోనో మంచి పనితనం ఉంది, ఇద్దరి ఇళ్లలోనూ క్రిస్మస్ చెట్టు పెడతారు. అలాంటప్పుడు బజారులో మెరిసే ప్లాస్టిక్ బంతులు కొనడం దేనికండీ? చెరికొన్ని చేసి మార్చుకోండి. నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు చేతిపని తెలిసినవాళ్లకి కొదవ లేదు. కావాల్సిందల్లా ముందే కూర్చుని సరిగ్గా మాట్లాడుకోవడం.

మొదట తేల్చుకోవాల్సింది లెక్క. డబ్బు లెక్క కాదు, పని లెక్క. మా వైపు లేసు పని పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పింది, 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది, అయినా రోజంతా కళ్లు పొడుచుకుని అల్లే ఆడవాళ్ల చేతికి ఎంత వస్తుందో ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు. అందుకే కనీసం మనలో మనం మార్చుకునేటప్పుడైనా చేతికి పట్టిన గంటలకి విలువ కట్టాలని గట్టిగా అంటాను. "నువ్వో ఆరు, నేనో ఆరు" అనేసుకుంటే ఒకరికి రెండు సాయంత్రాల్లో అయిపోతుంది, ఇంకొకరు వారమంతా రుద్దుతూనే ఉంటారు. అలా కాకుండా ఇద్దరూ ఒక్కొక్కటి చేసి చూసి, ఎంతసేపు పట్టిందో నిజం చెప్పుకోండి. వాట్సాప్‌లో ఇంత చాలు: "అక్కా, నా నక్షత్రం ఒక్కోటి రెండు గంటలు పడుతోంది. నీ చిప్ప చందమామ నాలుగు గంటలన్నావు కదా, నేను ఆరు ఇస్తాను, నువ్వు మూడు ఇయ్యి, సరేనా?" మొహమాటం లేకుండా అడిగేయండి, తర్వాత మనసులో పెట్టుకునేకన్నా అదే నయం.

రెండోది బరువు. మన దగ్గర చాలా ఇళ్లలో క్రిస్మస్ చెట్టు అంటే సరుగుడు కొమ్మే. ఇసుక నింపిన బకెట్‌లో నిలబెడితే చూడ్డానికి బాగుంటుంది కానీ దాని రెమ్మలు సన్నం, కాస్త బరువు తగిలితే వంగిపోతాయి. అవతలివాళ్లు పెట్టేది సరుగుడు కొమ్మా, ప్లాస్టిక్ చెట్టా, లేక గుమ్మానికి తోరణంలా కడతారా అన్నది తప్పకుండా అడగండి. కొమ్మ అయితే లేసు, కాగితం, తాటాకు లాంటి తేలికవే పంపండి. చిప్పతో చేసినవి పల్చగా రుద్దాలి, లేదంటే కిటికీకి వేలాడదీసుకోమని చెప్పాలి. సైజు రెండు మూడు అంగుళాలు దాటనివ్వకండి. రంగులు కూడా మాట్లాడుకోండి, తెలుపు ఒక్కటే కావాలనేవాళ్లుంటారు, ఎరుపు లేకపోతే పండగలా అనిపించదనేవాళ్లూ ఉంటారు.

ఇక లేసు నక్షత్రం. క్రోషియా (కొక్కెం సూదితో దారం అల్లే పని) వచ్చినవాళ్లకి ఇది కష్టం కాదు. తెల్ల నూలు దారం ఇరవై నంబరుది, దానికి సరిపడే సన్న క్రోషియా సూది తీసుకోండి. ఆరు గొలుసు కుట్లు వేసి రింగులా కలపండి. ఆ రింగులోకి దారం ఒకసారి చుట్టుకుని వేసే నిలువు కుట్లు పన్నెండు రావాలి, మొదట వేసే మూడు గొలుసులని ఒకటిగా లెక్కపెట్టుకోండి. తర్వాతి వరసలో ఐదేసి గొలుసులతో ఒక్కో వంపు వేస్తూ, ఒక నిలువు కుట్టు వదిలి ఒకదానికి బిగించుకుంటూ వెళ్తే ఆరు వంపులు వస్తాయి. మూడో వరసలో ప్రతి వంపులోకీ మూడు నిలువు కుట్లు, మధ్యలో మూడు గొలుసులతో చిన్న మొన, మళ్లీ మూడు నిలువు కుట్లు. ఆరు మొనల నక్షత్రం తయారు. చేతి బిగువుని బట్టి అంగుళంన్నర పైచిలుకు వస్తుంది. పెద్దది కావాలంటే ఇంకో వరస వేసుకోండి, లేదా దారం లావుది తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని కొనేటప్పుడు గుర్తుంచుకోండి.

అల్లడంతో సగం పనే అయింది. నక్షత్రం అప్పుడు మెత్తగా ముడుచుకుపోయి, తడి రుమాలులా ఉంటుంది. దాన్ని నిలబెట్టేది గట్టిపరచడమే, తొందరపడకూడని చోటు కూడా ఇదే. పాతకాలం వాళ్లు గంజి పెట్టేవారు, కొందరు పంచదార పాకం కూడా వాడతారు. మన గోదావరి డెల్టా తేమలో ఈ రెండూ నాకు నచ్చవు. పాకం పెట్టింది చెమ్మకి జిగురుగా తయారవుతుంది, చీమలు వరస కడతాయి. గంజి పెట్టినదాన్ని పెట్టెలో దాస్తే బొద్దింకలు వదలవు. తెల్ల ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి అందులో ముంచండి. వేళ్లతో నొక్కి పిండేయండి, కుట్ల మధ్య బొక్కల్లో జిగురు పొర నిలవకూడదు, నిలిస్తే పుల్లతో పొడిచేయండి. థర్మాకోల్ ముక్క మీద పాలిథిన్ కవరు పరిచి, నక్షత్రాన్ని మధ్య నుంచి మొనల వైపు లాగుతూ తుప్పు పట్టని గుండుసూదులతో గుచ్చండి. ఎదురెదురు మొనలు ఒకే గీత మీద ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూసుకుంటే ఇంకా మంచిది, ఒక్క మొన పక్కకి పోయినా వేలాడదీశాక ఇట్టే తెలిసిపోతుంది. మామూలు సూదులు వాడితే తెల్లదారం మీద గోధుమ రంగు చుక్కలు పడతాయి, అవి ఒక పట్టాన పోవు. నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వండి, రాత్రి మంచులో బయట వదలొద్దు. నవంబరులో ముసురు పట్టిందంటే ఎంతకీ ఆరదు, ఫ్యాను కింద పెట్టుకోవడమే.

తాటాకుతో చేసేవాళ్లు లేత ఆకు తీసుకుని, పసుపు, కాస్త ఉప్పు వేసిన నీళ్లలో మరిగించి నీడలో ఆరబెట్టాలి. అలా చేస్తే పురుగు, బూజు త్వరగా పట్టవు, మడిస్తే విరగదు కూడా. మట్టల ఆదివారానికి ఆకుతో సిలువలు మడిచే చెయ్యి ఉన్నవాళ్లకి నక్షత్రం మడవడం నేర్పక్కర్లేదు. చిప్ప పని అయితే బయటి పీచంతా గీకేసి, ముందు గరుకు కాగితంతో, తర్వాత నున్నటి కాగితంతో రుద్ది, చివర్లో రెండు చుక్కల కొబ్బరి నూనె పట్టించండి. వార్నిష్ కన్నా అదే అందం. రుద్దేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ పొడి చాలా సన్నగా ఉంటుంది.

ప్రతిదానికీ వేలాడదీసే దారం మీరే కట్టి పంపండి. దారం లేకుండా వస్తే పండగ హడావిడిలో అది పెట్టెలోనే ఉండిపోతుంది. వెనక వైపు ఏడాది, మీ పేరులో మొదటి అక్షరం ఎక్కడో చిన్నగా వేయండి. లేసు మీద అయితే రంగు దారంతో రెండు కుట్లు చాలు.

పంపే రోజు ముందే అనుకోండి. క్రిస్మస్‌కి ముందు నాలుగో ఆదివారంతో చర్చిల్లో సందడి మొదలవుతుంది, ఆ వెంటనే సెమీ క్రిస్మస్‌లు, ఇంటింటికీ పాటలు, ఇక ఎవరికీ తీరిక ఉండదు. నవంబరు ఆఖరికల్లా చేతిలో పని అయిపోవాలి, డిసెంబరు మొదటి వారంలో అవతలివాళ్లకి అందాలి. తుఫాన్లొచ్చే కాలం కాబట్టి వారం రోజులు అదనంగా పెట్టుకోండి. దగ్గరే అయితే స్వయంగా వెళ్లి ఇవ్వండి. నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కితే అవతలి ఒడ్డు సఖినేటిపల్లే కదా, ఆ వంకన కలిసినట్టూ ఉంటుంది. దూరమైతే ఆర్టీసీ కార్గో ఉంది, స్పీడ్ పోస్ట్ ఉంది. స్పీడ్ పోస్ట్‌లో రేటు బరువుని బట్టి ఉంటుంది, ఆరు లేసు నక్షత్రాలు అట్టలతో కలిపినా తేలికే. రశీదు ఫొటో తీసి వెంటనే పంపేయండి.

ప్యాకింగ్‌లో లేసుని బటర్ పేపరు మధ్య పరిచి, రెండు గట్టి అట్టల నడుమ పెట్టి దారంతో కట్టండి. దూది పెట్టకండి, మొనలకి చిక్కుకుంటుంది. ఆత్రేయపురం పూతరేకుల ఖాళీ డబ్బా సైజు దీనికి భలే సరిపోతుంది, కాకపోతే లోపల పంచదార పలుకు లేకుండా తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టాకే వాడండి. చిప్పవి ఒక్కోదాన్నీ విడివిడిగా పేపర్లో చుట్టాలి, డబ్బా ఊపితే చప్పుడు రాకూడదు. ఒక చీటీ కూడా పెట్టండి, ఏ దారం, ఎలా గట్టిపరిచారు, తడి తగలకూడదా, ఈ వివరాలు నాలుగు ముక్కల్లో.

మీకు వచ్చినవాటిని చెట్టుకి కట్టాక ఫొటో పంపడం మర్చిపోవద్దు, చేసినవాళ్లు దానికోసం ఎదురుచూస్తుంటారు. ఏదైనా దారిలో విరిగితే దాచకుండా చెప్పండి, "ఇది మొన విరిగింది అక్కా, ఫెవికాల్‌తో అతకనా, నువ్వు చూస్తావా?" అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, వచ్చే ఏడాది ప్యాకింగ్ ఎక్కడ మార్చాలో వాళ్లకీ తెలుస్తుంది. అవతలివాళ్లవి సమయానికి రాకపోతే రెండు రోజులు ఆగి ఫోన్ చేయండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా, పంట కోతల్లో తలమునకలై ఉన్నా సంక్రాంతికి ఇచ్చినా పర్లేదనండి, కానీ రోజు మాత్రం అప్పుడే ఖాయం చేసుకోండి.