టెలిస్కోప్ సమయం అడగడం – 4వ పాఠం: ఎన్ని రాత్రులు, ఏ రాత్రులు?

టెలిస్కోప్ కావాలని వేధశాలకు పంపే దరఖాస్తు, అంటే ప్రపోజల్, రాయడం నేర్చుకుంటున్నాం. పోయిన పాఠంలో అందులో "ఎందుకు చూడాలి" అన్న పేజీ రాశాం. ఈసారి "ఎంతసేపు చూడాలి" అన్న పేజీ. గడువు ముంచుకొచ్చాక హడావిడిగా రాసేది చాలామంది దీన్నే. రాత్రులు దక్కేదీ పోయేదీ మాత్రం ఇక్కడే.

మాది సోమశిల ఆయకట్టు. కాలువ చివరి రైతు వెళ్లి "నీళ్లు చాలడంలేదు" అంటే లస్కరు వింటాడు, అంతే. "నాలుగెకరాలు, పైరు పొట్టమీదుంది, రెండు తడులు పడితే గట్టెక్కుతుంది" అంటే వంతు గురించి ఆలోచిస్తాడు. నా మొదటి ప్రపోజల్‌లో పది రాత్రులు అడిగాను. తిరిగొచ్చిన కాగితం మీద ఒకటే ప్రశ్న: "పదే ఎందుకు?" నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు ఎలా తయారుచేసుకోవాలో ఇప్పుడు చేసి చూద్దాం.

మన లక్ష్యం ఒమెగా సెంటారి అనే గోళాకార తారాగుచ్ఛంలోని ఒక ఆర్ఆర్ లైరే చుక్క. ఈ రకం చుక్కలు గంటల వ్యవధిలో వెలుగు పెంచుకుని తగ్గించుకుంటాయి. గుచ్ఛం మనకు కొత్తదేమీ కాదు. ఏప్రిల్ అర్ధరాత్రి మైపాడు తీరంలో, రొయ్యల గుంటల లైట్లు కంట్లో పడనిచోట, దక్షిణానికి తిరిగి నిలబడండి. మసక చుక్కలా కంటికే అందుతుంది.

ముందు ఏ టెలిస్కోప్ అన్నది తేలాలి. చుక్క ఎక్కగలిగే గరిష్ఠ ఎత్తు కావాలంటే, దక్షిణపు చుక్కకైతే మన అక్షాంశాన్నీ చుక్క డెక్లినేషన్‌నీ (ఆకాశంలో చుక్క అక్షాంశం, దక్షిణానికి మైనస్) మైనస్ గుర్తు వదిలేసి కలిపి 90 లోంచి తీసేయాలి. ఒమెగా సెంటారి డెక్లినేషన్ −47.5°. లదాఖ్‌లోని హాన్లే అక్షాంశం 32.8°. అక్కడి 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌కి ఇది 10 డిగ్రీలైనా లేవదు. తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు (మన కావలి కాదు) ఉన్నది 12.6° దగ్గర. అక్కడ 30 డిగ్రీలు లేస్తుంది. కాబట్టి అక్కడి 2.34 మీటర్ల వేణు బప్పు టెలిస్కోప్‌కే రాయాలి. హాన్లే ఆకాశం ఎంత మేలైనదైనా ఈ పనికి కొరగాదు.

తర్వాత నెల. సెప్టెంబరు 22 ప్రాంతంలో అర్ధరాత్రి మధ్యాహ్నరేఖ (ఉత్తరం నుంచి దక్షిణానికి నడినెత్తి మీదుగా పోయే గీత, చుక్క అత్యంత ఎత్తున ఉండేది దీనిమీదే) మీద ఉండేది 0 గంటల ఆర్.ఏ. (రైట్ ఎసెన్షన్, అంటే ఆకాశంలో తూర్పు పడమరల స్థానాన్ని గంటల్లో చెప్పే లెక్క). నెలకు రెండు గంటల చొప్పున అది జరుగుతుంది. మన గుచ్ఛం 13 గంటల 27 నిమిషాల దగ్గరుంది. అంటే ఏప్రిల్ రెండో వారం.

30 డిగ్రీల ఎత్తులోనే వెలుగు నడినెత్తిన ఉన్నప్పటికంటే రెండింతల గాలి దాటి రావాలి. 24 డిగ్రీల కిందికి దిగాక కొలత మీద నేను నమ్మకం పెట్టుకోను. ఆ హద్దు పైన చుక్క ఉండేది రాత్రికి నాలుగు గంటలే, సుమారు పది నుంచి రెండు దాకా. ఆ వేళలో చంద్రుడు లేని రోజులు పంచాంగంలో దొరుకుతాయి: బహుళ ఏకాదశి నుంచి శుద్ధ పంచమి దాకా.

ఇక రాత్రుల సంఖ్య. మన చుక్క ఆవర్తన కాలం (వెలుగు పెరిగి తగ్గే ఒక చక్రానికి పట్టే సమయం) 0.6 రోజు, అంటే 14.4 గంటలు అనుకుందాం. నాలుగు గంటల్లో చక్రంలో 28 శాతం చూస్తాం. మర్నాడు అదే వేళకు చుక్క ఒకటీ మూడింట రెండు చక్రాలు తిరిగి ఉంటుంది కాబట్టి మరో భాగం కనబడుతుంది, మూడోనాడు ఇంకో భాగం. మూడు రాత్రులకు 83 శాతం పూర్తి. నాలుగో రాత్రి? మూడు రోజుల్లో సరిగ్గా ఐదు చక్రాలు తిరిగింది కాబట్టి మొదటి రాత్రి చూసిందే మళ్లీ చూస్తాం! ఇది కాగితం మీద వేసి చూసిన రోజున నా పది రాత్రుల్లో ఏడు దండగని అర్థమైంది. మూడు రాత్రులు, మబ్బు పడితే ఆదుకోవడానికి ఒకటి. నాలుగు అడగండి, ఈ లెక్క పక్కనే రాయండి.

ఎక్స్‌పోజర్ సంగతి తేలికే. చుక్క వెలుగుకు కెమెరాలో నిమిషంలో 2,500 ఎలక్ట్రాన్లు చేరితే వాటి రొద (కొలతలో తప్పని ఊగిసలాట) ఆ సంఖ్యకు వర్గమూలం, 50. సంకేతానికీ రొదకూ నిష్పత్తి కూడా 50. వంద కావాలంటే 10,000 చేరాలి, అంటే నాలుగు నిమిషాలు. కెమెరా చదువుకునే సమయం, ఫిల్టర్ మార్చే సమయం విడిగా కలపండి.

ఈ వారం పని: 47 టుకానే అనే గుచ్ఛానికి ఇదంతా వేయండి. ఆర్.ఏ. 0 గంటల 24 నిమిషాలు, డెక్లినేషన్ −72°. కావలూరు నుంచి ఎంత ఎత్తు లేస్తుందో ముందు చూసుకోండి, ఆ తర్వాతే మిగతా లెక్క మొదలుపెట్టండి.