శ్రీకాకుళం ఆకాశంలో బర్నార్డ్ లూప్‌ని ఫోటోలో పట్టాలంటే

ముందే చెప్పేస్తున్నా, ఇది కంటికి కనబడేది కాదు. ఓరియన్ (వేటగాడి ఆకారంలో కనిపించే చుక్కల గుంపు) నడుం మీది మూడు చుక్కలకి తూర్పున కొడవలిలా వంగి ఉండే హైడ్రోజన్ మేఘం ఇది. ఎంత చీకటి ఊరికి పోయి మెడ నొప్పి పుట్టేదాకా చూసినా అక్కడ నల్లటి ఆకాశమే ఉంటుంది. 1894లో బర్నార్డ్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త తీసిన ఫోటోల వల్ల దానికి ఆయన పేరొచ్చింది. పది డిగ్రీలకు పైగా పరుచుకుని ఉంటుంది, అంటే ఇరవై పౌర్ణమి చంద్రుళ్లని వరసగా పేర్చినంత. అందుకే టెలిస్కోపు అక్కర్లేదు. క్రాప్ సెన్సార్ (చిన్న సైజు సెన్సార్) డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్సు, కింద ఒక స్టార్ ట్రాకర్ (చుక్కలు కదిలే కొద్దీ కెమెరాని వాటితో పాటు తిప్పే యంత్రం) చాలు. ఫ్రేము పొడుగు వైపుని ఉత్తర దక్షిణాలుగా పెడితే ఓరియన్ తల నుంచి కాళ్ల దాకా మొత్తం పడుతుంది.

మామూలు కెమెరాతో ఒక చిక్కుంది. ఈ మేఘం వెలిగేది 656.3 నానోమీటర్ల ఎరుపులో, సెన్సార్ ముందుండే ఫిల్టర్ దాన్ని సుమారు పావు వంతే లోపలికి వదులుతుంది. ఆ ఫిల్టర్ తీయించేవాళ్లున్నారు, కానీ వారంటీ పోతుంది. మొదటి ఏడాదైతే తీయించకండి, దాని బదులు ఎక్కువ గంటలు తీయండి.

అక్టోబరు, నవంబరులో మనకి తుఫాన్ల గొడవ, కాబట్టి డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా, అమావాస్యకి అటూ ఇటూ నాలుగైదు రోజులు. భోగి తెల్లారే రాత్రి మాత్రం వద్దు, తెల్లవారుజామున వేసే మంటల పొగ కిందనే ఉండిపోతుంది. జనవరి మధ్యలో ఓరియన్ రాత్రి పదింటికి దాదాపు నడినెత్తికి వచ్చేస్తుంది.

చోటు దగ్గర నేను రెండేళ్లు పొరపాటు పడ్డాను. కళింగపట్నం బీచ్‌లో తూర్పు, దక్షిణం చీకటిగా ఉంటాయని అక్కడికే పోయేవాణ్ణి. తీరా ట్రాకర్‌ని సరిచేయాలంటే ధ్రువ నక్షత్రం కావాలి, మన జిల్లాలో అది ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, నేను నిలబడ్డ చోట సరిగ్గా కొబ్బరి మట్టల వెనక! పైగా ఉప్పు గాలి లెన్సుకి మంచిది కాదు. ఇప్పుడు శాలిహుండం కొండ కింది పొలాల వైపు పోతున్నాను. అక్కడ వంశధార ఉత్తరాన ఉంటుంది కాబట్టి ఆ దిక్కు చెట్లు లేకుండా ఏటి మీద బాగా తెరిపిగా ఉంటుంది. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి అర డిగ్రీకి పైగా పక్కన ఉంటుంది, సరిగ్గా దాని మీద పెట్టేయకండి, పోలార్ స్కోప్ (ట్రాకర్‌కుండే చిన్న దుర్భిణి) యాప్‌లో అది ఆ నిమిషానికి ఎక్కడ ఉండాలో చూసి అక్కడ పెట్టండి. పదిహేను నిమిషాలైనా పట్టనివ్వండి. ఊళ్లో ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లండి. పొలం కాపలాకొచ్చిన ఒక తాత నన్ను "ఏటి బాబూ, ఇంత రేత్రి ఎవుల ఫోటో తీస్తన్నావు?" అని అడిగి, జవాబు విన్నాక కూడా ఓ పావుగంట నన్ను అనుమానంగానే చూశాడు.

ఏటి పక్కన మంచు ఎక్కువ, అది ఒప్పుకోవాల్సిందే. ఒకసారి తొమ్మిదింటికి చుక్కలు ఆవగింజల్లా పడుతున్నాయని మురిసిపోయి కారులో కునుకు తీశాను. పన్నెండున్నరకి లేచి చూస్తే లెన్సు గాజు మీద వేలితో పేరు రాయొచ్చు, వెనక్కి చూసుకుంటూ పోతే 140 ఫ్రేములు దూదిపింజలే. పవర్ బ్యాంకుతో నడిచే హీటర్ పట్టీ ఒకటి కొనుక్కుని, మంచు పట్టాక కాదు, మొదటి నుంచే ముందు గాజు దగ్గర చుట్టండి. ఫోకస్ రింగుకి తగలకూడదు.

ఫోకస్ ఆటోలో కుదరదు. లైవ్ వ్యూలో పదింతలు పెద్దది చేసి, రైజెల్ (ఓరియన్ కాలి దగ్గర మెరిసే నక్షత్రం) అతి చిన్న చుక్క అయ్యేదాకా తిప్పి, రింగుకి టేపు వేసేయండి. చలి పెరిగితే ఫోకస్ జరుగుతుంది, గంటకోసారి చూసుకోండి. అపర్చర్ ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600, ఫ్రేముకి 60 సెకన్లు, రా ఫైల్. హిస్టోగ్రామ్ (కెమెరా తెర మీద కనబడే వెలుతురు గ్రాఫు) గుట్ట ఎడమ నుంచి మూడో వంతు దగ్గరుంటే సరే. ట్రాకర్ లేకపోతే నాలుగు సెకన్లు, వందల కొద్దీ ఫ్రేములు, అయితే లూప్ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. పదిహేను ఫ్రేములకోసారి కెమెరాని రవ్వంత పక్కకి జరపండి, లేకపోతే నాయిస్ (ఫోటోలో కనబడే గరుకు చుక్కలు) చారలు కడుతుంది. నాలుగు రెట్లు టైం పెడితేనే నాయిస్‌తో పోల్చి చూసినప్పుడు మేఘం రెండింతలు తేలుతుంది, అందుకని ఒక రాత్రికి మూడు మేఘాల వెంట పడొద్దు, మూడు రాత్రులూ దీని మీదే పెట్టండి.

ఆఖర్లో మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే టైంతో ఇరవై డార్క్ ఫ్రేములు, సెన్సార్ సొంత నాయిస్‌ని తీసేయడానికి. తెల్లవారుతుండగా తెల్ల పంచె రెండు మడతలేసి లెన్సు మీద బిగించి, ఫోకస్ కదపకుండా, ఆకాశం వైపు తిప్పి ఫ్లాట్లు, అంటే లెన్సు అంచుల చీకటినీ దుమ్ము మచ్చల్నీ సరిచేసే ఫ్రేములు.

ఇంటికొచ్చాక సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ చేయండి, అంటే ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి కలపండి, ఉచితమే. తర్వాత ఊరి వెలుతురు తీసేసే బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ దగ్గర జాగ్రత్త. నా మొదటి ఫోటోలో లూప్ రాలేదని నెల రోజులు కెమెరాని తిట్టుకున్నాను. తీరా చూస్తే స్టాక్‌లో అది ఉంది, ఖాళీ ఆకాశం వెలుతురు కొలవడానికి ఆటోమేటిక్‌గా చల్లిన శాంపిల్ చుక్కల్లో సగం సరిగ్గా దాని మీదే పడితే, సాఫ్ట్‌వేర్ దాన్ని వీధిలైటు కాంతి అనుకుని తుడిచేసింది. లూప్ మీదా, ఓరియన్ తల దగ్గరుండే గుండ్రటి మేఘం మీదా పడ్డ శాంపిళ్లని ఒక్కొక్కటీ చేత్తో తీసేసి, అప్పుడు అప్లై కొట్టండి.