నీలి ముద్ర డాలరు నోటు: విలువ కట్టడంలో దిద్దుకున్న తప్పు

1957 సిరీస్ ఒక డాలరు నోటు, నీలి ముద్ర. పాతది కాబట్టి ఖరీదనుకోవడమే పొరపాటు. ఇది సిల్వర్ సర్టిఫికెట్, అంటే ఒకప్పుడు ఇచ్చి బదులుగా వెండి తీసుకోగలిగిన అమెరికా నోటు. 1968 జూన్ 24 తర్వాత దీనికి వెండి ఇవ్వరు, డాలరుగా మాత్రం చెల్లుతుంది. కోట్లలో అచ్చయ్యాయి, నలిగినదానికి అంతకు మించి పెద్దగా రాదు.

అందుకని సంవత్సరం పక్కనపెట్టి ముద్ర రంగు, సీరియల్ నంబరు చూశాను. నంబరు ముందు నక్షత్రం ఉంటే అది అచ్చులో పాడైన నోటు బదులు వేసినది. కాస్త ఎక్కువ పలుకుతుంది. 1935ఎ సిరీస్, గోధుమ రంగు ముద్ర, వెనక పెద్దక్షరాల్లో ‘హవాయి’ ఉంటే యుద్ధకాలపు నోటు. దాని లెక్కే వేరు.

మడతలు వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తేనే బయటపడతాయి. కడిగినా, ఇస్త్రీ చేసినా ధర పోయినట్టే. పీవీసీ ప్లాస్టిక్ కవరు తీసేసి మైలార్ అనే పాలిస్టర్ కవరులో పెట్టాను. అడిగే ధరలు నమ్మక, వేలంలో నిజంగా అమ్ముడైనవే చూశాను.