ఏఆర్ డిస్‌ప్లే సప్లయర్‌ను కొన్నారన్న వార్త చదివేదెలా?

పెద్ద టెక్ కంపెనీ ఏదో ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే కళ్ల ముందున్న దృశ్యం మీదే బొమ్మలు చూపించే టెక్నాలజీ) డిస్‌ప్లే సప్లయర్‌ను కొనేసిందని వార్త రాగానే అందరి కళ్లూ ధర మీదకే పోతాయి. అది తర్వాత చూడండి. ముందు ఆ సప్లయర్ తయారుచేసేది ఏ భాగమో తెలుసుకోండి, ఎందుకంటే ఏఆర్ కళ్లజోడులో బొమ్మను పుట్టించే చిన్న డిస్‌ప్లే వేరు, ఆ వెలుతురును అద్దం గుండా నడిపించి కంటి దాకా చేర్చే వేవ్‌గైడ్ వేరు. వేవ్‌గైడ్‌లో చాలా వెలుతురు వృథా అయిపోతుంది కాబట్టే ఎండలోనూ కనిపించేంత ప్రకాశం కోసం మైక్రోఎల్ఈడీల (అతిచిన్న ఎల్ఈడీలతో చేసే డిస్‌ప్లేల) వెంట ఇంతగా పడుతున్నారు. 2022లో గూగుల్ కొన్న రాక్సియం అలాంటి మైక్రోఎల్ఈడీలు చేసే కంపెనీయే.

తర్వాత పాత సంబంధం చూడండి. 2021లో స్నాప్‌చాట్ యాప్ కంపెనీ స్నాప్ 50 కోట్ల డాలర్లకు పైగా పెట్టి వేవ్‌ఆప్టిక్స్‌ను కొంది, అప్పటికే స్నాప్ ఏఆర్ కళ్లజోడు స్పెక్టకిల్స్‌కు వేవ్‌గైడ్లు ఇస్తున్నది ఆ కంపెనీయే. నా లెక్కలో అది సరఫరాను పదిలం చేసుకోవడం.

కొత్త కళ్లజోడు వెంటనే వచ్చేస్తుందని మాత్రం అనుకోకండి. ఏఆర్ కళ్లజోళ్లకు అద్దాలు చేసే అకోనియా హోలోగ్రాఫిక్స్‌ను యాపిల్ 2018లో కొంది, కానీ 2024లో అమ్మకానికొచ్చిన యాపిల్ హెడ్‌సెట్ విజన్ ప్రో చూస్తే పారదర్శక అద్దాలే లేవు, కెమెరాలు చూసింది స్క్రీన్ల మీద చూపిస్తుంది.

మీ ప్రొడక్ట్‌లోనే ఆ సప్లయర్ భాగం ఉంటే టెన్షన్ సహజమే. యాజమాన్యం మారితే సరఫరా సంగతేంటో ఒప్పందంలో వెతకండి, చివరి ఆర్డర్ ఎప్పటిదాకా తీసుకుంటారో రాతపూర్వకంగా అడగండి, రెండో సప్లయర్ శాంపిళ్లు ఈలోపే తెప్పించుకోండి, ఎందుకంటే ఆప్టిక్స్ మారితే డిజైన్ చాలావరకు మళ్లీ చేయాల్సి వస్తుంది.