కొయ్య పడవకు కొత్త పూత: ముందు చెక్క ఆరాలి

నదిలో తిరిగే కొయ్య పడవ మీద వార్నిష్ పెచ్చులుగా లేచిందంటే, చాలావరకు కారణం పూత కింద చేరిన నీరే. తడి చెక్క మీద ఎంత ఖరీదైన వార్నిష్ వేసినా నిలవదు.

పడవను ఒడ్డుకు చేర్చి బోర్లించండి. నేలకు తగలకుండా దిమ్మల మీద పెట్టి, నీడలో గాలి ఆడేచోట కొన్ని వారాలు వదిలేయండి. ఎండలో పెడితే పలకలు పగులుతాయి. తేమ మీటర్‌లో 15 శాతం లోపు చూపిస్తే పని మొదలుపెట్టవచ్చు.

బిగించిన ఇనుప సామాను, కొక్కేలు అన్నీ విప్పండి. వాటి చుట్టూ పూత గీయాలని చూస్తే ఆ అంచుల్లోంచే మళ్లీ నీరు దిగుతుంది. తర్వాత సన్నని స్క్రూడ్రైవర్‌తో చెక్కను పొడిచి చూడండి. పలకలు కోసిన చివరలు, వెనుక పలక అడుగు, లోపల నీరు నిలిచే మూలలు: పుచ్చు ముందు అక్కడే పడుతుంది. మెత్తగా దిగితే గట్టి చెక్క తగిలేదాకా చెక్కేసి, అదే జాతి చెక్క ముక్క అతకండి. పుచ్చు మీద లప్పం పెట్టడమంటే దాన్ని లోపల దాచి పెంచడమే.

పాత పూతను హీట్ గన్‌తో మెత్తబరిచి, స్క్రేపర్‌తో చెక్క నార వెంట గీయండి. పాత రంగులో సీసం ఉండవచ్చు. అలాంటిదైతే వేడి, పొడి రుద్దుడు రెండూ వద్దు. మాస్క్ పెట్టుకుని, రసాయన స్ట్రిప్పర్‌తో తీయండి. శాండ్‌పేపర్ 80 నంబరుతో (నంబరు పెరిగేకొద్దీ నునుపు) మొదలుపెట్టి 120, ఆపై 180. ప్లైవుడ్ పడవైతే 80 జోలికి పోవద్దు, పైపొర పలుచన. ఉక్కు పీచు అసలు వాడకండి: విరిగిన పోగులు తుప్పుపట్టి నల్ల మచ్చలవుతాయి.

పలకల మధ్య సందుల విషయంలో తొందరపడితే పడవే పాడవుతుంది. ఆరిన చెక్క కుంచించుకుపోయి సందులు తెరుచుకుంటాయి. వాటిని ఎపాక్సీ లాంటి గట్టి పదార్థంతో నింపితే, నీటిలో పలకలు ఉబ్బినప్పుడు చోటులేక అంచులు నలుగుతాయి, మేకులు కదులుతాయి. అందుకే సందుల్లో కూరిన పాత దూది వదులైనచోట తీసి కొత్తది కూరండి, మీద మెత్తగా ఉండే సందుల లప్పం వేయండి. దూదిని కూడా మరీ బిగించి కొట్టవద్దు.

ఇక వార్నిష్. ఎండను తట్టుకునే స్పార్ వార్నిష్ తీసుకోండి. ఇంట్లో సామానుకు వాడేది గట్టిపడి, చెక్క కదిలినప్పుడు చిట్లుతుంది. మొదటి కోటులో సగానికి సగం టర్పెంటైన్ కలపండి, చెక్క లోపలికి పీల్చుకుంటుంది. రెండోదానికి నాలుగో వంతు చాలు. ఆ తర్వాత కలపకుండా, పలుచగా, మొత్తం ఆరు కోట్ల వరకు. కోసిన చివరలకు మాత్రం పీల్చడం ఆగేదాకా వేస్తూనే ఉండండి. కోటుకూ కోటుకూ మధ్య డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చి, 220తో రుద్ది దుమ్ము తుడవండి.

డబ్బాను కుదిపితే బుడగలు వస్తాయి, నెమ్మదిగా కలపండి. పొద్దెక్కుతూ చెక్క వేడెక్కే వేళ పూసినా లోపలి గాలి బుడగలై పైకొస్తుంది. సాయంత్రం ఆలస్యంగా పూస్తే మంచుపడి మెరుపు పోతుంది. చల్లబడటం మొదలయ్యాక, మంచుకు నాలుగు గంటలైనా ముందు పూయడం మేలు. అంచులకు అవిసె నూనె వాడితే గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి, పరిచి ఆరబెట్టండి.

చివరి కోటు తర్వాత కనీసం వారం ఆగి పడవ దింపండి. పలకల పడవ మొదట నీరు పీలుస్తుంది, కంగారు వద్దు. పలకలు ఉబ్బి సందులు మూసుకునేదాకా లోతు తక్కువచోట కట్టి ఉంచి, లోపలికి వచ్చిన నీరు తోడుతూ ఉండండి.